దానం ఎవరిది? బిల్లు ఎవరిది?



ఒక నగరానికి సొంత కరెంటు సంస్థ ఉందనుకోండి. అదే నగరంలో లాభం ఆశించకుండా నడిచే అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, ధర్మాసుపత్రులు, రాత్రి బడులు ఉంటాయి. వాటి కరెంటు బిల్లులో రాయితీ ఇవ్వాలా? ఇస్తే ఆ భారం ఎవరు మోయాలి? ఈ రెండు ప్రశ్నల మీద మాట్లాడదామనుకుంటున్నాను. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇవ్వాలి అంటే మంచివాళ్లం, వద్దు అంటే కఠినులం అన్నట్టు వాదన సాగుతుంది. నా దృష్టిలో అసలు సంగతి రెండో ప్రశ్నలో ఉంది. రాయితీ ఇవ్వాల్సిందే. ఎవరికిస్తున్నామో, ఎందుకిస్తున్నామో, ఎవరి సొమ్ముతో ఇస్తున్నామో పదిమందికీ తెలిసేలా ఇవ్వాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన తెలుగు రాష్ట్రాల్లో మునిసిపాలిటీ నీళ్లిస్తుంది, వీధి దీపాలు వెలిగిస్తుంది, చెత్త ఎత్తుతుంది. కరెంటు మాత్రం దాదాపు అంతటా రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థలే, అంటే డిస్కంలే, ఇస్తాయి. దేశంలో కొన్ని చోట్ల పద్ధతి వేరు. ఢిల్లీలో పార్లమెంటు ఉన్న ప్రాంతానికి న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిలే కరెంటు ఇస్తుంది. కేరళలో త్రిశూర్ నగరపాలక సంస్థకు సొంత విద్యుత్ విభాగం ఉంది. అన్నిటికంటే పేరున్నది ముంబైలోని బెస్ట్. ఎర్ర బస్సులు నడిపే ఆ బెస్టే కోలాబా నుంచి మాహిం, సయన్ దాకా పాత ముంబై అంతటికీ కరెంటు ఇస్తుంది. పది లక్షల పైచిలుకు మీటర్లు దాని కింద ఉన్నాయి.

ఈ బెస్ట్ పరిధిలో మనవాళ్లూ ఎందరో ఉన్నారు. తెలంగాణ పల్లెల నుంచి కూలి పనులకు వెళ్లి ముంబై కట్టడంలో చెమటోడ్చిన కామాఠీల పేరు మీదే కామాఠీపుర ఏర్పడింది. బట్టల మిల్లుల కాలంలో మన పద్మశాలీలు వర్లీ, పరేల్ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. కాబట్టి ముంబైలో ధర్మసంస్థల బిల్లు సంగతి మనకు మరీ పరాయిది కాదు.

బెస్ట్ చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 1873లో గుర్రపు ట్రాముల కోసం ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు. 1905లో కరెంటు, ట్రాములు రెండూ చూసే కంపెనీ వచ్చింది. స్వాతంత్ర్యానికి ఎనిమిది రోజుల ముందు, 1947 ఆగస్టు 7న, ఆ కంపెనీని బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ తన చేతిలోకి తీసుకుంది. ఆ రోజు నుంచి ముంబై పౌరుడు ఒకే మనిషిగా రెండు పాత్రలు పోషిస్తున్నాడు. ఓటరుగా ఆ సంస్థకు యజమాని, నెల తిరిగేసరికి బిల్లు కట్టే ఖాతాదారు.

నగరం చేతిలో కరెంటు సంస్థ ఉంటే ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. మేలేమిటంటే, లాభం వాటాదారులకు పంచాల్సిన పని లేదు. నగరానికి ఏది అవసరమో అది చేయవచ్చు. కీడేమిటంటే, ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేయడం మరీ తేలిక. ముంబైలో అదే జరిగింది. బస్సులకు నష్టం వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి కరెంటు బిల్లులో కొంత మొత్తం కలిపి కొన్నేళ్ల పాటు వసూలు చేశారు. బస్సెక్కని దుకాణదారు కూడా బస్సు నష్టం కట్టాడు. తగాదా రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి దాటి కోర్టుల దాకా వెళ్లింది. బస్సు నడవడం నగరానికి అవసరమే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఖర్చు కరెంటు బిల్లు మోయాలా, ఆస్తి పన్ను మోయాలా అన్నది ముందే బాహాటంగా తేల్చుకోవాల్సిన విషయం. ధర్మసంస్థల రాయితీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే పుణ్యం అల్లుడికి, ఖర్చు అత్తకు. ముందు అత్తను అడగాలి కదా!

ఇప్పుడు బిల్లులోకి వెళదాం. కరెంటు బిల్లు మీద మనం చూసేది కట్టవలసిన మొత్తం, ఆఖరు తేదీ. వాటి కంటే ముఖ్యమైన మాట పైన ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కేటగిరీ. ఇల్లా, దుకాణమా, ఫ్యాక్టరీయా, సాధారణ ప్రయోజనమా అన్నది ఆ ఒక్క మాటే చెబుతుంది. యూనిట్ ధర దాన్ని బట్టే ఉంటుంది. ఫిక్స్‌డ్ చార్జీ దాన్ని బట్టే ఉంటుంది.

నలభై మంది పిల్లలున్న ఒక ఆశ్రమాన్ని ఊహించుకోండి. బోరు మోటారు, వంటింట్లో గ్రైండరు, ఫ్రిజ్, గదికి రెండు ఫ్యాన్లు, చదువుకునే హాల్లో ట్యూబ్‌లైట్లు, మంచినీళ్ల యంత్రం. నెలకు 1,500 యూనిట్లు కాలుతాయనుకుందాం. వాణిజ్య కేటగిరీకీ, సేవాసంస్థల కేటగిరీకీ యూనిట్ మీద 3 రూపాయల తేడా ఉందని లెక్క కోసం అనుకుందాం. నెలకు 4,500 రూపాయలు. ఏడాదికి 54,000 రూపాయలు. కిలో 45 రూపాయల చొప్పున చూస్తే 12 క్వింటాళ్ల బియ్యం. బిల్లు మీద ఒక మాట తప్పు పడితే పిల్లల కంచాల్లోంచి పోయేది ఇంత.

మరి ఆ మాట ఎవరు రాస్తారు? 2003 విద్యుత్ చట్టం వచ్చాక రేటు నిర్ణయించే అధికారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది. బెస్ట్ నగరానిదే అయినా, తనకు నచ్చిన సంస్థకు నచ్చినంత తగ్గించే వీలు దానికి లేదు. ఆ చట్టం 62వ సెక్షన్ ఒక సంగతి స్పష్టంగా చెబుతుంది. ఏ వినియోగదారుడి మీదా అనుచితమైన పక్షపాతం చూపకూడదు. అయితే కొన్ని ఆధారాల మీద రేట్లలో తేడా పెట్టవచ్చు. ఎంత కరెంటు వాడుతున్నారు, ఏ వేళ వాడుతున్నారు, ఏ ప్రాంతంలో వాడుతున్నారు, ఏ ప్రయోజనానికి వాడుతున్నారు అన్నవి ఆ ఆధారాల్లో కొన్ని. ఈ చివరిదే ధర్మసంస్థలకు చట్టం తెరిచిపెట్టిన తలుపు.

ఆ తలుపు తట్టింది ముంబై ఆసుపత్రులే. మహారాష్ట్రలో ఒక దశలో ఆసుపత్రులను, విద్యాసంస్థలను వాణిజ్య కేటగిరీలో చేర్చారు. షాపింగ్ మాల్‌కీ, రోగులకు మందులిచ్చే ఆసుపత్రికీ ఒకే రేటు. ఆసుపత్రుల సంఘం విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2011లో ట్రైబ్యునల్ వారి వాదనలో న్యాయం ఉందని తేల్చింది. సేవ కోసం నడిచేవాటిని లాభం కోసం నడిచేవాటితో ఒకే గాటన కట్టడం చట్టంలోని ప్రయోజనం అన్న మాటకు విరుద్ధమని దాని సారాంశం. మరుసటి ఏడాది, 2012లో, మహారాష్ట్ర మండలి ప్రజాసేవలు అనే కొత్త కేటగిరీ పెట్టింది. ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు వంటివి అందులోకి వచ్చాయి. తరవాత దాన్ని ప్రభుత్వానివి, ఇతరులవి అని రెండుగా విడగొట్టారు. అనాథలకు, దిక్కులేనివారికి, వికలాంగులకు నీడనిచ్చే వసతి గృహాలను గృహ కేటగిరీలోనే ఉంచారు. అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు కాబట్టి అది ఇల్లే అన్నది అందులోని తర్కం. నాకు ఆ తర్కం చాలా నచ్చింది.

ఇంతకీ రాయితీ ఇచ్చే దారులు మూడు. మూడింటిలోనూ డబ్బు వేర్వేరు చోట్ల నుంచి వస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం గొడవలు.

మొదటి దారి, ఇప్పుడు చెప్పిన కేటగిరీ. రేటు తగ్గించి ప్రత్యేక కేటగిరీలో పెడతారు. తగ్గిన మొత్తాన్ని మిగతా వినియోగదారులు మోస్తారు. వాణిజ్య రేటు, పరిశ్రమల రేటు ఆ మేరకు పెరుగుతాయి. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. ఇందులో సుగుణం, రాయితీ ఏడాదికేడాది ఒకరి దయ మీద ఆధారపడదు. లోపం, మోసేవాడికి తాను మోస్తున్నట్టు తెలియదు. కిరాణా కొట్టు నడిపే మనిషి తన బిల్లు చూసి ఇందులో ఫలానా ఆశ్రమానికి నేనిచ్చింది ఇంత అని చెప్పుకోలేడు.

రెండో దారి, ప్రభుత్వం గానీ నగరపాలక సంస్థ గానీ తన బడ్జెట్‌లోంచి ఇవ్వడం. రాష్ట్ర ప్రభుత్వం ఒక వర్గానికి సబ్సిడీ ఇవ్వదలచుకుంటే ఆ సొమ్ము కరెంటు సంస్థకు ముందుగా చెల్లించాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ అంటుంది. ముందు డబ్బు, తరవాత రాయితీ. ఇది నిజాయితీ గల దారి. బడ్జెట్ పుస్తకంలో ఒక పద్దు ఉంటుంది. కార్పొరేటరు నిలబడి ఎవరికిచ్చారని అడగవచ్చు, పత్రికలు రాయవచ్చు. లోపం, పాలకులు మారితే పద్దు మాయం కావచ్చు.

మూడో దారి, విద్యుత్ సుంకం మినహాయింపు. కరెంటు చార్జీల మీద ప్రభుత్వం వేసే పన్ను ఇది. మహారాష్ట్రలో ధర్మాదాయ ట్రస్టులు నడిపే విద్యాసంస్థలకు పాత చట్టం కింద ఈ సుంకం ఉండేది కాదు. 2016లో కొత్త సుంకం చట్టం తెచ్చారు. మినహాయింపుల జాబితా మారింది. మా మినహాయింపు కొనసాగాలని ట్రస్టులు కోర్టుకు వెళ్లాయి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు కొత్త చట్టంలో మీకు మినహాయింపు లేదని తీర్పు చెప్పింది. చట్టంలో ఉన్నదాన్నే చదవాలి, లేనిదాన్ని దయతో కలపకూడదు అన్నది ఆ తీర్పు తీరు. ఏళ్ల తరబడి అనుభవించిన రాయితీ శాశ్వతమనుకున్న సంస్థలకు అది పెద్ద దెబ్బ. చట్టం ఇచ్చినదాన్ని చట్టమే వెనక్కి తీసుకోగలదు. అందుకే ఈ విషయంలో నిద్రపోకూడదంటాను.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ట్రస్టు అన్న పేరు పెట్టుకున్న ప్రతిదీ సేవ చేస్తోందా? లక్షల్లో ఫీజులు తీసుకునే కాలేజీలూ ట్రస్టులే. చలువరాతి మెట్లున్న ఆసుపత్రులూ ట్రస్టులే. వాటి బిల్లు కిరాణా కొట్టు మనిషి ఎందుకు మోయాలి? మోయకూడదు. ఈ చిక్కుకు పరిష్కారం కూడా ముంబైలోనే దొరుకుతుంది. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద పెద్ద ధర్మాదాయ ఆసుపత్రుల కోసం బొంబాయి హైకోర్టు 2006లో ఒక పథకం ఖరారు చేసింది. ఆ ఆసుపత్రులు పడకల్లో 10 శాతం నిరుపేదలకు ఉచితంగా, మరో 10 శాతం బలహీన వర్గాలకు తక్కువ ఖర్చుకు కేటాయించాలి. బిల్లుల మొత్తంలో 2 శాతం పేద రోగుల నిధికి జమ చేయాలి. అంటే, నువ్వు సమాజం నుంచి ఇంత పొందుతున్నావు, సమాజానికి ఇంత తిరిగివ్వు అని లెక్క కట్టి చెప్పడం. కరెంటు రాయితీకి కూడా ఇలాంటి షరతే ఉండాలని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ కాగితం చూసి రాయితీ ఇవ్వడం కాదు. ఎంతమందికి ఉచితంగా అన్నం పెడుతున్నారు, ఎన్ని పడకలు పేదలకు వదిలారు అన్నది చూసి ఇవ్వాలి. ఏటా ఆ జాబితా నగరపాలక సంస్థ నోటీసు బోర్డు మీద అంటించాలి. అప్పుడు మోసేవాడికీ మనసు కుదుటపడుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ నగరానికి కరెంటు సంస్థ లేదు, నిజమే. సిరిసిల్లలో 1970 నుంచి వినియోగదారులే సభ్యులైన సహకార విద్యుత్ సంఘం, అదే మనమంతా సెస్ అనేది, నడుస్తోంది. మిగతా చోట్ల ఎక్కువగా డిస్కంలదే. అయినా చట్టం ఒకటే, మండలి పద్ధతి ఒకటే. తెలంగాణలో ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజి, ఏడో కేటగిరీలో జనరల్ పర్పస్ అని ఉంటుంది. లాభాపేక్ష లేకుండా విద్య, వైద్యం అందించే ధర్మాదాయ ట్రస్టులు, సొసైటీలు, గుర్తింపు పొందిన సేవాసంస్థలు, రిజిస్టరైన వృద్ధాశ్రమాలు దాని కిందికి వస్తాయి. పూర్తిగా మతపరమైన స్థలాలకు అందులోనే విడిగా ఒక భాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో కేటగిరీ, అంటే ఇన్‌స్టిట్యూషనల్ కింద జనరల్ పర్పస్, మతపరమైన స్థలాలు వస్తాయి.

ఇబ్బంది ఎక్కడంటే, చాలా చిన్న సంస్థలు అద్దె ఇళ్లలో, పాత దుకాణాల్లో నడుస్తాయి. మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. ఒకప్పుడు కింద కొట్టు ఉండేది కాబట్టి కేటగిరీ వాణిజ్యమనే ఉండిపోతుంది. ఆశ్రమం వచ్చి పదేళ్లయినా ఎవరూ మార్పించరు. లైన్‌మన్ నెలనెలా వచ్చి రీడింగ్ తీస్తాడు. కేటగిరీ మార్చడం ఆయన పని కాదు. అడగందే అమ్మయినా పెట్టదు, కరెంటాఫీసు ఎందుకు పెడుతుంది?

కాబట్టి ఆశ్రమాలు, సేవాసంఘాలు నడిపేవారికి నా విన్నపం. మీ బిల్లు తీసి కేటగిరీ చదవండి. రిజిస్ట్రేషన్ పత్రం, ఆడిట్ చేసిన జమాఖర్చులు, అద్దె ఒప్పందం, యజమాని సమ్మతి పత్రం జతచేసి కేటగిరీ మార్పుకు దరఖాస్తు పెట్టండి. రసీదు తీసుకోండి. అధికారి వచ్చి తనిఖీ చేస్తారు, అది మంచిదే. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ప్రతి డిస్కంలోనూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు లేకుండానే అక్కడ మీ మాట చెప్పుకోవచ్చు.

రెండో సంగతి, కాంట్రాక్టెడ్ లోడు. మీ పేరు మీద ఎన్ని కిలోవాట్లు రాసి ఉన్నాయో చూడండి. వారానికి ఒక్క రోజు వాడే సమావేశ మందిరానికి పెద్ద లోడు రాయించి ఉంటే, తలుపు తీయని రోజులకు కూడా ఫిక్స్‌డ్ చార్జీ కడుతూనే ఉంటారు. అవసరానికి మించి ఉంటే తగ్గించమని అడగండి.

మూడోది హెచ్చరిక. సేవాసంస్థ రేటు మీద కరెంటు తీసుకుని, హాలును పెళ్లిళ్లకు అద్దెకిస్తే, వీధివైపు గదిని దుకాణానికిస్తే, చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వినియోగం. ఆ మేరకు రెట్టింపు రేటు కట్టిస్తారు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే ఏడాది కాలానికి లెక్కగడతారు. అద్దె వచ్చే భాగానికి వేరే మీటరు పెట్టించుకోండి. ధర్మం పేరు మీద వచ్చినదాన్ని ధర్మానికే వాడుతున్నామని చూపించగలగడం మన మర్యాద కూడా.

బిల్లు కట్టే మామూలు వినియోగదారులకు కూడా ఒక మాట. డిస్కంలు రాబోయే ఏడాది రాబడి, ఖర్చుల లెక్కలు ఏటా నవంబరు 30 లోగా మండలి ముందు పెట్టాలి. వాటి మీద ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు. బహిరంగ విచారణలో తెలుగులో నిలబడి మాట్లాడవచ్చు. రైతు సంఘాలు వస్తాయి, పరిశ్రమల వాళ్లు లెక్కలు పట్టుకుని వస్తారు. అనాథాశ్రమాల తరఫున, వృద్ధాశ్రమాల తరఫున మాట్లాడే గొంతులు అక్కడ మరిన్ని వినిపించాలి. ఒక్క సంస్థకు సాధ్యం కాకపోతే జిల్లాలోని సంస్థలన్నీ కలిసి ఒక మనిషిని పంపవచ్చు. సేవాసంస్థల కేటగిరీ కింద ఎన్ని మీటర్లున్నాయి, వాటికి ఎంత తగ్గుతోంది, ఆ భారం ఏ కేటగిరీ మీద పడుతోంది అన్న మూడు ప్రశ్నలు వేయండి. ఆ జవాబులు రాతలోకి వస్తే, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య అనుమానం తగ్గుతుంది.

ముంబై నగరం 1947లో కరెంటు సంస్థను ప్రైవేటు చేతుల్లోంచి తీసుకున్నప్పుడు ఒక బాధ్యత కూడా తీసుకుంది. దీపం ఎవరింట్లో ఏ ధరకు వెలగాలో నిర్ణయించుకునే బాధ్యత అది. మనకు సొంత కరెంటు సంస్థ లేకపోయినా ఆ నిర్ణయంలో మన వాటా మనకుంది. పక్క వీధిలోని ఆశ్రమానికి మనం నెలకు రూపాయో రెండో ఇస్తున్నామని తెలిస్తే, కాదనేవాళ్లు మనలో తక్కువ. తెలియకుండా తీసుకుంటేనే మనసు నొచ్చుకుంటుంది. కాబట్టి సంస్థలు ధైర్యంగా అడగాలి, అధికారులు నిజాయితీగా తనిఖీ చేయాలి, లెక్కలు అందరి ముందూ ఉండాలి. ఈ ఏడాది విచారణ ప్రకటన పత్రికలో వచ్చినప్పుడు దాన్ని పక్కన పడేయకండి. తేదీ చూసుకుని, మీకు తెలిసిన ఒక సేవాసంస్థను వెంటబెట్టుకుని వెళ్లండి.